ముప్ఫైకి ఇరవై ఆరు

హో అక్కా నేనూ ఇరవై రెండేళ్లు పక్కపక్క మిషన్ల మీద కుట్టాం. ఆమె కాలర్లు, నేను చొక్కా చేతులు. షికాగోలో కెనాల్ వీధి మీద, ఎర్ర ఇటుకల బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది మా ఫ్యాక్టరీ. అది మూతపడి, మా ఆయన కూడా పోయాక, చైనాటౌన్‌లో ముసలివాళ్ల కోసం కట్టిన ఈ బిల్డింగులో నాకు గది ఇప్పించింది ఆమే. ఆఫీసుకి పదిసార్లు తిరిగి, మేనేజరుతో పోట్లాడి, తన తలుపుకి ఎదురుగా ఉన్న తలుపే నాకు వచ్చేలా చేసింది. నాకు పిల్లలు లేరు. ఆమెకు ఒక్కతే కూతురు, విన్నీ. గంటన్నర కారు ప్రయాణమంత దూరంలో ఉంటుంది.

ఆమె అసలు పేరు యెన్-హో. నాకన్నా అయిదేళ్లు పెద్ద. బిల్డింగులో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు. చేపల కొట్టువాడు ఆమెను చూడగానే ధర తానే తగ్గించేవాడు. నేను పౌరసత్వం పరీక్ష రెండుసార్లు తప్పితే, మూడోసారి నన్ను దాటించిందీ ఆమే. మిషను తొక్కుతూనే ప్రశ్నలు వేసేది. నాకు జవాబు తెలియకపోతే, "ఒసే లాన్, నీ బుర్రలో అమ్మ పోసింది మెదడా, గంజి నీళ్లా?" అని అరిచేది. హాలంతా నవ్వేది. నేను ఏడుస్తూనే కంఠతా పట్టాను.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట, మా కొత్త సంవత్సరం పండగ వెళ్లిన వారంలో, మాజాంగ్ బిళ్ళలాట ఆడుతూ ఆగిపోయింది. చేతిలో బిళ్ళ పట్టుకుని, అదేమిటో ఎప్పుడూ చూడనట్టు తిప్పి తిప్పి చూసింది. తర్వాత, "నా బిళ్ళ కొట్టేసిందెవరే? బయటికి తియ్యండి" అంది. అందరూ నవ్వారు. ఆమె అలా మాట్లాడటం అలవాటే కదా. బల్ల కింద ఆమె మోకాలు నా మోకాలికి తగిలి గడగడా వణకడం నాకొక్కదానికే తెలిసింది.

ఆ తర్వాత ఆమె ఆటకి రావడం మానేసింది. మోకాలి నొప్పి అంది. నేనూ మానేశాను. నాకేమీ నొప్పి లేదు.

సోయా సాసు సీసా చెప్పుల అరలో దొరికేది. చెప్పులు ఫ్రిజ్‌లో దొరికేవి. పోయి పద్నాలుగేళ్లయిన మొగుడికి గిన్నెలో అన్నం పెట్టి, "ఇంకా రాలేదేమిటే ఈయన" అనేది. నేను ఆ గిన్నె తీసేసి, "ఆయన తినేసి వెళ్లాడక్కా" అనేదాన్ని. ఒక్కోసారి నమ్మేది. ఒక్కోసారి నా మొహంలోకి చూసి, తనకే అర్థమై, తల దించుకుని తన గిన్నెలోది మెల్లగా తినేది. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని.

ఎవరికీ చెప్పలేదు. మావాళ్లలో ఇలాంటివి చెప్పుకోరు. మతి పోయిందంటే ఆ ఇంటి పిల్లల్ని కూడా వంకరగా చూస్తారు.

కిందటి సెప్టెంబరులో ఎముకల చారు పొయ్యి మీద పెట్టి, ఉల్లికాడలు కొనుక్కురావడానికి బజారుకి వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే ఉండిపోయింది. గిన్నె మాడి, పొగ కమ్మి, అలారం మోగింది. మూడు ఫైరింజన్లు వచ్చాయి. కర్రలు, చక్రాల కుర్చీలు, పైజామాలతో బిల్డింగు బిల్డింగంతా రోడ్డు మీద నిలబడింది. అందరి మధ్యలోంచి హో అక్క ఉల్లికాడల కట్ట పట్టుకుని నడిచొచ్చి, "ఎవరింట్లోనే మంట? కళ్లు నెత్తికెక్కాయా?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వారానికి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇద్దరిలో ఇంగ్లీషు మిగిలింది నాకే, అదీ సగం సగం. డాక్టరు పరీక్ష చేయాలనీ, ఒంటరిగా ఉండగలదో లేదో రాసివ్వాలనీ నాకు అర్థమైంది. కింద ఇంకా రెండు పేరాలు ఉన్నాయి. అవి చదవనక్కర్లేదనుకున్నాను. ఉండలేదంటే పొమ్మంటారు, అంతేగా.

ఆదివారం విన్నీ వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు, కళ్ల కింద ఎప్పుడూ నల్లటి చారలు. నన్ను చిన్నప్పటి నుంచీ పిన్నీ అనే పిలుస్తుంది.

"పిన్నీ, మా ఇంటి దగ్గర ఒక హోమ్ ఉంది. చూసొచ్చాను, శుభ్రంగానే ఉంది."

"అక్కడ మన భాష ఎవరికొచ్చు?"

"ఎవరికీ రాదు."

"ఏం పెడతారు తినడానికి?"

"అమ్మని రేపే తీసుకెళ్లి పడేస్తానన్నానా నేను? చూసొచ్చానన్నాను. అంతేగా!" అంది విన్నీ. "వంటగదిలో మంట లేచిందంటే నాకెంత భయమేసిందో మీకేం తెలుసు?"

హో అక్క మంచం మీద కూర్చుని టీవీలో పాటల నాటకం చూస్తోంది. చూస్తోందనే అనుకున్నాం. కూతురు వెళ్లిపోయాక నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను పంపేస్తారటే?"

"లేదక్కా. ఎవరన్నారు?"

"నాకు చెవులున్నాయే. బుర్రే పోతోంది." నా చెయ్యి వదల్లేదు. "మా అమ్మకీ ఇలాగే వచ్చింది. ఊళ్లో పందుల దొడ్డి పక్క గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. అన్నం పెట్టడానికి నేనే వెళ్లేదాన్ని. నన్ను చూసి 'మీ అమ్మ ఎవరే పిల్లా' అని అడిగేది. లాన్, ఈ పరీక్ష నన్ను దాటించవే. నిన్ను నేను దాటించలేదా?"

దాటిస్తానన్నాను. ఆమె కోసమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎదుటి తలుపులో హో అక్క లేకపోతే ఆ వరండాలో నేను పొద్దున్నే లేచి ఎవరి తలుపు తట్టాలి? నిజానికి నా భయం అది.

ఆ పరీక్ష ఏమిటో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది నాకూ చేశారు. మూడు వారాలు టైముంది. పొద్దున్న గంజి తాగగానే మొదలుపెట్టేవాళ్లం. వందలోంచి ఏడు తీస్తే తొంభై మూడు, ఇంకో ఏడు తీస్తే ఎనభై ఆరు. లెక్క ఆమెకు అందలేదు. అందుకని పాటలా వల్లె వేయించాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు. అంట్లు తోముతూ పాడేది. గడియారం బొమ్మ గీయించాను. ఆమె పెన్సిలు పెట్టి చుట్టేస్తే ఒక్క గీతలో గుండ్రంగా వచ్చేది. ఏళ్ల తరబడి కాలర్లకి సుద్దముక్కతో గుర్తులు పెట్టిన చెయ్యి కదా. అంకెలే గడియకో చోటికి పారిపోయేవి. పదకొండూ పదీ అక్కడ, ముల్లు ఇక్కడ అని వేళ్లు పట్టుకుని దిద్దించాను. కోపమొస్తే పెన్సిలు విసిరేసేది. "పసిపిల్లననుకున్నావటే నన్ను!" అనేది. మర్నాడు మళ్లీ తనే కాగితం తెచ్చుకుని కూర్చునేది.

అక్టోబరులో ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మది మన మొహమే, నోట్లో మన ముక్క ఒక్కటి లేదు. ఆమె తాతల కాలంలోనే వచ్చారట. ఫోనులో దుబాసీని పిలిచింది. ఫోనులో ఆవిడది బీజింగ్ మాట. హో అక్కది మా తొయ్‌సాన్ పల్లెమాట. రెండు నిమిషాలకే ఫోనులో ఆవిడ, ఈమె భాష నాకు తెలియడం లేదంది. డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"మీరు ఈమెకు ఏమవుతారు?"

"చెల్లెల్ని" అన్నాను. మొదటి అబద్ధం అది. దాన్ని అబద్ధమనుకోలేదు కూడా.

ఏడు తగ్గించే పాట చక్కగా పాడింది. తారీఖు చెప్పింది. తర్వాత డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. యాపిలు, బల్ల, నాణెం. గడియారం గీయమంది. హో అక్క ఒక్క చుట్టులో గీసేసింది. డాక్టరమ్మ మెచ్చుకోలుగా కనుబొమలెత్తింది. అప్పుడు హో అక్క పెన్సిలు ఎత్తి నన్నడిగింది:

"ఇదేం కాలరే లాన్? ఎవరి చొక్కాకి?"

నేను నవ్వాను. "ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ. "కళ్లజోడు తేలేదు, గీత వంకరొచ్చిందేమో అంటోంది" అన్నాను.

ఆ మూడు మాటలూ చెప్పమంది. నేను అడిగాను.

"మూడేమిటే? ఎవరు చెప్పారు? ఇప్పుడేగా వచ్చి కూర్చున్నాం. ఇంటికెళ్దాం పద, ఈ పిల్ల మొహం నాకు నచ్చలేదు."

"యాపిలు, బల్ల, నాణెం" అన్నాను డాక్టరమ్మతో. ఆమె రాసుకుంది.

చివర మనసు సంగతి అడిగే ప్రశ్నలున్నాయి. దిగులుగా ఉంటున్నారా, విసుగ్గా ఉంటోందా, అవునో కాదో చెప్పాలి. మా బిల్డింగులో ఎవరినడిగినా ఆ ప్రశ్నలకి ఒకటే జవాబు. ఏమీ లేదు, అంతా బాగానే ఉంది. హో అక్క కూడా అలాగే అంటుందనుకున్నాను. బతుకు ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తోందా అని డాక్టరమ్మ అడిగితే నేను అదే మాట మా భాషలో అన్నాను. ఆమె నావైపు చూసింది. ఆ ఒక్క నిమిషం పాత హో అక్కే. కళ్లు స్పష్టంగా ఉన్నాయి.

"ఎవరో నా ఇంట్లో సామాన్లు మోసుకుపోతున్నారే లాన్. రోజుకొకటి. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంటాను. మొన్న మీ బావ మొహం తీసుకుపోయారు. వాళ్లని ఆపమని ఈ పిల్లకి చెప్పు."

డాక్టరమ్మ కాగితం మీద పెన్ను పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"లేదంటోంది" అన్నాను. "సంతోషంగా ఉందట."

ముప్ఫైకి ఇరవై ఆరు వచ్చాయి. వయసుకి చాలా బాగున్నట్టేనని రాసిచ్చింది డాక్టరమ్మ. ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి, దారిలో కాల్చిన బాతు అరముక్క కొనుక్కుని ఇంటికొచ్చాం. హో అక్క ఎముక చీకుతూ, "ఇవాళ ఏం పండగే?" అంది. విన్నీకి ఫోను చేసి చెప్పాను. అవతల ఏడుపు వినిపించింది. "నిజంగానా పిన్నీ? నేనేదేదో ఊహించుకుని చచ్చాను. ఇన్నాళ్లకి ఇవాళ నిద్రపడుతుంది నాకు" అంది.

అక్కడి నుంచి నేను కాపలా మనిషినయ్యాను. పొయ్యి వెలిగించే మరలు పీకి నా సొరుగులో దాచాను. ఆమె స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడేదాన్ని. నా గది వదిలి ఆమె సోఫాలోనే పడుకునేదాన్ని. సాయం అడుగుదామంటే ఎవరినడగను? బాగుందని కాగితం తెచ్చింది నేనే. పక్కింటావిడ, "ఏమిటి లాన్, మొహం అలా పీక్కుపోయింది?" అంటే చలి అన్నాను. డిసెంబరులో ఒక పొద్దున హో అక్కకి నేనెవరో తెలియలేదు. "దొంగముండా, నా ఇంట్లో ఏం పని నీకు?" అని చెక్క దువ్వెనతో కణత మీద కొట్టింది. రక్తం చూసి తనే గుడ్డ తడిపి తెచ్చి, "అయ్యో, ఎవరే నిన్ను కొట్టింది? చెప్పు, వాళ్ల సంగతి నేను చూస్తాను" అంది. ఆ గుడ్డ నా నుదుటికి అదిమి పట్టుకుని నేను ఏడ్చాను. తనూ ఏడ్చింది. ఎందుకో ఆమెకు తెలియదు.

జనవరి పద్నాలుగున నాకు దగ్గుతో జ్వరం. ఊపిరి తీస్తే పక్కటెముకల్లో కత్తి దిగుతోంది. రెండు వీధుల అవతల డాక్టరు దగ్గరికి పదింటికి వెళ్లాలి. గంటలో వచ్చేద్దామనుకున్నాను. ఆమెకు గంజి పట్టించి, నాటకం పెట్టి, "కదలకక్కా" అని చెప్పాను. "ఎక్కడికి పోతానే?" అంది. అక్కడ ఊపిరితిత్తుల ఫోటో తీయాలన్నారు, కూర్చోమన్నారు. నేను తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. టీవీ పాడుతోంది. కోటు మేకుకే వేలాడుతోంది. బట్ట చెప్పులు లేవు. ఫ్యాక్టరీ నాటి కత్తెర సంచీ లేదు.

బజారంతా వెతికాను. చేపల కొట్టు, బేకరీ, బస్టాపు. నోట్లోంచి ఆమె పేరు రాక దగ్గు వస్తోంది. చివరికి ఆఫీసులోకి వెళ్లి బల్ల మీద రెండు చేతులూ కొట్టి చెప్పాను. పోలీసులకి ఫోను చేశారు.

రెండున్నరకి దొరికింది. కెనాల్ వీధిలో మా ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలిపే స్థలం, చుట్టూ ఇనుప కంచె. మంచు ఊడ్చే బండి రోడ్డు మీది మంచంతా ఆ కంచె వారన గుట్టగా పోసింది. హో అక్క మోకాళ్ల మీద కూర్చుని ఆ గుట్టను ఒట్టి చేతులతో తవ్వుతోందట. రోడ్డు పనివాళ్లు చూసి, లేవదీయబోతే కత్తెర చూపించి బెదిరించిందట. అంత చలిలో ఎంతసేపు తవ్విందో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ తలుపు అక్కడే ఉందనుకుంది. ఆలస్యమైతే మేస్త్రీ లోపలికి రానివ్వడు కదా.

మంచుకి చచ్చుబడిన కుడిచేతి నాలుగు వేళ్లు, ఎడమచేతి రెండు వేళ్లు తీసేశారు.

ఆపరేషను అయిన మూడో రోజు ఆ డాక్టరమ్మే వచ్చింది. విన్నీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, అక్టోబరులో ఇరవై ఆరు వచ్చిన మనిషి మూడు నెలల్లో ఇలా ఎలా అవుతుందని విన్నీని అడిగింది. మెదడులో రక్తం గడ్డకట్టిందేమో, మళ్లీ ఫోటోలు తీయాలంది. హో అక్కని మళ్లీ ఆ స్కానింగు గొట్టంలోకి తోస్తారని నాకు అర్థమైంది.

"వద్దు" అన్నాను. "ఆ ఇరవై ఆరూ నావి."

నాకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పాను. మాట దొరకని చోట మా భాషలో చెబితే విన్నీ దాన్ని మార్చి చెప్పింది. సామాన్లు మోసుకుపోతున్నారన్న మాట దగ్గరికి వచ్చేసరికి విన్నీ ఆగిపోయింది. "అమ్మ అలా అందా?" అని నన్నడిగింది. అంది అన్నాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. మార్కులు తగ్గి ఉంటే ప్రభుత్వం తరఫున ఒక మనిషి రోజూ ఆరు గంటలు ఇంటికొచ్చి చూసుకునేదట. మన భాష వచ్చిన మనిషే. చైనాటౌన్‌లోనే పగటిపూట ఇలాంటివాళ్లని కూర్చోబెట్టుకుని, ఆడించి, అన్నం పెట్టే చోటు ఉందట. బిల్డింగు వాళ్లు పరీక్ష అడిగింది పంపించేయడానికి కాదు, ఆ సాయం ఇప్పించడానికట. నేను చదవకుండా వదిలేసిన రెండు పేరాల్లో ఉన్నది అదే.

డాక్టరమ్మ వెళ్లాక విన్నీ నా దగ్గరికొచ్చింది.

"మీరు అమ్మని బాగా చూసుకున్నారు పిన్నీ. కాదనను. కానీ నేను కూతుర్ని. నాకు చెప్పాల్సింది. నేను హాయిగా నిద్రపోయానే ఈ మూడు నెలలూ!" అంది. "మీరిక రాకండి. కొన్నాళ్లు రాకండి."

అయిదు నెలలు వెళ్లలేదు. హో అక్కని విన్నీ ఇంటి దగ్గరి హోమ్‌లోనే పెట్టారని విన్నాను. ఎదుటి గదిలోకి షాంఘై నుంచి వచ్చిన భార్యాభర్తలు దిగారు. మర్యాదస్తులు. వాళ్ల మాట నాకు సరిగా అర్థం కాదు. నేను వండుకోవడం తగ్గించేశాను. బ్రెడ్డు తిని నీళ్లు తాగేదాన్ని. సేవా సంఘం నుంచి ఒకమ్మాయి కాగితం పట్టుకొచ్చి అవే ప్రశ్నలు అడిగితే, రెండో ప్రశ్నకే ఏడుపు ఆగక ఆ పిల్లని భయపెట్టాను. మంగళవారాల్లో ఒక చోటికి వెళ్లమంది. అక్కడ పదిమంది ముసలాళ్లం గుండ్రంగా కూర్చుంటాం. మనసులో మాట చెప్పండి అంటారు. ఎవరూ చెప్పరు. నారింజకాయలు ఒలుచుకుని తిని వచ్చేస్తాం. అయినా వెళ్తున్నాను.

జూన్‌లో విన్నీ ఫోను చేసింది. "అమ్మ బాగా నీరసపడిపోయింది. చూడాలనుంటే గురువారం వచ్చి తీసుకెళ్తాను" అంది. కారులో మేం ఎక్కువ మాట్లాడుకోలేదు. నేను వెదురాకుల్లో చుట్టిన అన్నం పొట్లాలు ఆరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు విన్నీ వాటిని అందుకుని, "అమ్మకి ఇప్పుడు అన్నీ మెత్తగా చేసి పెట్టాలి పిన్నీ. ఇవి పిల్లలకి పట్టుకెళ్తాను" అంది.

హాల్లో కిటికీ పక్కన హో అక్క కూర్చుని ఉంది. జుట్టు కురచగా కత్తిరించారు. అంత మనిషి కుర్చీలో పిల్లంత అయిపోయింది. పక్కన తెల్లజుట్టు పోలండు ముసలావిడ ఒకతె, హో అక్క మొండి చేతిని తన ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెబుతోంది. హో అక్క తల ఊపి, తొయ్‌సాన్ మాటలో మేస్త్రీని తిడుతోంది. ఆవిడ అర్థమైనట్టే నవ్వుతోంది. రోజూ ఇలాగే కూర్చుంటారనీ, విడదీస్తే ఇద్దరూ అన్నం ముట్టరనీ నర్సు చెప్పింది. భాష లేని చోట హో అక్క బతకదని అందరికన్నా గట్టిగా నమ్మింది నేను. సంతోషించాలి కదా. పోలండు ఆవిడ చేతిలోంచి ఆ చెయ్యి లాగేసుకోవాలనిపించింది.

"అక్కా" అన్నాను.

హో అక్క తలెత్తి చూసింది. నలభై ఏళ్లలో ఆ నోట ఎప్పుడూ వినని మర్యాదతో, "నమస్కారమండీ" అంది. "మీరు ఎవరి తాలూకు?"

విన్నీ మొహం తిప్పేసుకుంది. నేను లాన్‌నని చెప్పాను. ఫ్యాక్టరీలో పక్క మిషను అని చెప్పాను. ఆమె మర్యాదగా విని, అలాగా అంది. కాసేపటికి కళ్లు మూసుకుంది. పోలండు ఆవిడ నాకు సైగ చేసి కుర్చీ చూపించింది. కూర్చున్నాను. భోజనం గంట కొట్టేదాకా ముగ్గురం కిటికీ దగ్గరే ఉన్నాం.

హో అక్క ఆగస్టు నెలాఖరున నిమోనియాతో పోయింది. సమాధి దగ్గర విన్నీ నన్ను తన పక్కన నిలబెట్టుకుంది, తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. అగరొత్తులు నా చేతికిచ్చి, "మీరే పెట్టండి పిన్నీ. మీరు చెల్లెలే కదా" అంది.